ఆన్‌లైన్‌లో ఓవల్, పేర్, ఎమరాల్డ్ వజ్రం కొంటున్నారా? కట్ గ్రేడ్ లేని రాయిని ఎంచుకోవడం ఎలా

గుండ్రటి రవ్వ కొనడం కొంత సులువు. సర్టిఫికెట్‌లో కట్, అంటే రాయిని కోసిన తీరు, ఎక్సలెంట్ అని ఉంటే సగం పరీక్ష ల్యాబే చేసి పెట్టినట్టు. ఓవల్ (కోడిగుడ్డు ఆకారం), పేర్ (నీటిబొట్టు), మార్కీజ్ (రెండు కొసలూ మొనదేలినది), ఎమరాల్డ్ (మూలలు కోసిన దీర్ఘచతురస్రం), కుషన్ (దిండు ఆకారం), ప్రిన్సెస్ (చదరం) లాంటి గుండ్రం కాని ఫ్యాన్సీ షేపులకు ఆ వెసులుబాటు లేదు. వాటి జీఐఏ (వజ్రాలకు గ్రేడ్లిచ్చే అమెరికా ల్యాబ్) రిపోర్టు తెరిస్తే పాలిష్, సిమ్మెట్రీ గ్రేడ్లు కనిపిస్తాయి, కట్ గ్రేడ్ అసలు ఉండదు. జీఐఏ ఓవల్ పక్కన సైట్‌లో ‘ఎక్సలెంట్ కట్’ అని రాసి ఉంటే అది అమ్మేవాళ్ల మాట, ల్యాబ్ మాట కాదు. బరువు, రంగు, క్లారిటీ అన్నీ సమానంగా ఉన్న రెండు ఓవల్‌లలో ఒకటి అంచు నుంచి అంచు దాకా మెరుస్తుంది, రెండోది నడుమ నల్లబడి ఉంటుంది. ఈ తేడా పట్టాలంటే కొలతలూ వీడియో చూడాల్సిందే.

ముందు మిల్లీమీటర్లు, తర్వాత క్యారెట్లు

క్యారెట్ అంటే బరువు, 0.2 గ్రాములు. ఆ బరువు రాయి ముఖంలో ఉందా, అడుగున దాక్కుందా అన్నది క్యారెట్ చెప్పదు. ఒక్కో క్యారెట్ తూగే రెండు ఓవల్‌లు తీసుకోండి. మొదటిది 8.00 × 5.60 × 3.49 మి.మీ., రెండోది 7.40 × 5.40 × 3.94. పొడవు, వెడల్పు గుణించి 0.785తో హెచ్చిస్తే పైనుంచి కనిపించే వైశాల్యం వస్తుంది. మొదటిది సుమారు 35 చదరపు మి.మీ., రెండోది 31. అంటే వేలి మీద మొదటిది పన్నెండు శాతం పెద్దగా కనిపిస్తుంది. రెండోదాని డెప్త్, అంటే వెడల్పులో లోతు ఎంత అన్నది, 73 శాతం. డబ్బు కట్టిన బరువంతా ఉంగరం లోపలికి పోయింది.

ఫ్యాన్సీ షేపుల్లో డెప్త్ శాతాన్ని వెడల్పుతో లెక్కిస్తారు, పొడవుతో కాదు. ఓవల్‌కు 58 నుంచి 63, ఎమరాల్డ్‌కు 60 నుంచి 68 మధ్య వెతకండి. ప్రిన్సెస్ సహజంగానే లోతైన రాయి, 65 నుంచి 75 దాకా మామూలే. ఇవి వడపోతకు పనికొచ్చే అంకెలు మాత్రమే. ఈ హద్దుల్లో ఉన్న ప్రతి రాయీ బాగుంటుందని అనుకోవద్దు.

స్క్రీన్ మీద అరచేయంత కనిపించే రాయి చేతికొచ్చేసరికి శనగగింజంత ఉంటుంది. అందుకే కాగితం మీద స్కేలుతో ఆ కొలతలు గీసి, కత్తిరించి వేలి మీద పెట్టుకుని చూడండి. ఐదు నిమిషాల పని. ఏ సైజు కావాలో తేల్చడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.

పొడవును వెడల్పుతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. ఓవల్‌కు 1.35 నుంచి 1.50, పేర్‌కు 1.45 నుంచి 1.75, మార్కీజ్‌కు 1.75 నుంచి 2.25, ఎమరాల్డ్‌కు 1.30 నుంచి 1.50 ఎక్కువమందికి నచ్చే కొలతలు. చదరపు ప్రిన్సెస్ కావాలంటే 1.05 దాటనివ్వొద్దు. మిగతాది మీ ఇష్టం. పొట్టి వేళ్లకు కాస్త సాగిన షేపు బాగుంటుంది.

నడుమ నల్ల నీడ: బో-టై

ఓవల్, పేర్, మార్కీజ్ రాళ్ల మధ్యలో అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లాంటి నల్ల నీడ ఒకటి పడుతుంది. దాన్నే బో-టై అంటారు. అది మచ్చ కాదు. రాయిలోకి చూసేటప్పుడు మన తల వెలుతురుకు అడ్డొస్తుంది. నడుమ ఉన్న ముఖాలు సరైన కోణంలో లేకపోతే ఆ అడ్డునే మన కంటికి తిప్పి చూపిస్తాయి. కొద్దిపాటి నీడ దాదాపు ప్రతి రాయిలో ఉంటుంది, దాని వల్లే మెరుపు తళుక్కుమన్నట్టు తెలుస్తుంది. రాయిని ఎంత కదిపినా ఆ నలుపు అలాగే ఉంటేనే తంటా. జీఐఏ రిపోర్టు దీని జోలికి పోదు.

వీడియోను మెల్లగా, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. రాయి అటూ ఇటూ పది పదిహేను డిగ్రీలు ఒరిగినప్పుడు నడుమ నలుపు వెలుగై, వెలుగు నలుపైతే మంచిదే. అప్పుడు కూడా రెక్కలు రెక్కల్లాగే ఉండిపోతే ఆ రాయిని వదిలేయండి. ఇక్కడో మెలిక ఉంది. సైట్లలోని తిరిగే వీడియోలు తెల్లటి బాక్సులో, చుట్టూ లైట్లు పెట్టి తీసినవి. ఆ వెలుతురులో నీడ చాలావరకు దాక్కుంటుంది. అందుకే వాట్సాప్‌లో ఇంకో వీడియో అడగండి: రాయిని పట్టకారుతో పట్టుకుని, స్పాట్‌లైట్లు ఆర్పి, మామూలు ఆఫీసు వెలుతురులో, అడుగు దూరం నుంచి, పక్కన స్కేలు పెట్టి. ఈ వీడియో ఇవ్వడానికి నసిగేవాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

అదే వీడియో నుంచి రాయి తిన్నగా ఉన్న ఒక స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లో కుడి ఎడమలు తిప్పండి. అసలు బొమ్మనూ తిప్పిన బొమ్మనూ మార్చి మార్చి చూస్తే వంకర ఇట్టే దొరుకుతుంది. పేర్‌లో ఒక భుజం పల్చబడటం, మొన పక్కకు జరగడం, ఓవల్ ఒక చివర మొద్దుబారడం, హార్ట్‌లో ఒక చెంప ఉబ్బడం కనిపిస్తాయి. సిమ్మెట్రీ వెరీ గుడ్ వచ్చిన రాళ్లలో కూడా ఇవి కంటికి ఆనుతాయి. హార్ట్ షేపు అర క్యారెట్ కన్నా చిన్నదైతే ప్రాంగ్‌లు, అంటే రాయిని పట్టి ఉంచే కొక్కేలు, వేశాక మధ్య గాడి కనపడక గుండ్రంగా అనిపిస్తుంది, కొనొద్దు.

రంగు, మచ్చలు

పొడవాటి రాళ్లలో రంగు మొనల దగ్గర పోగవుతుంది. రంగు గ్రేడ్లు డి నుంచి జెడ్ దాకా ఉంటాయి, డి అంటే రంగే లేనిది. హెచ్ రంగు మార్కీజ్ నడుమ తెల్లగా ఉండి రెండు కొసల్లో లేత పసుపు చూపించొచ్చు. ప్లాటినంలోనో వైట్ గోల్డ్‌లోనో పెట్టిస్తే జి, హెచ్ చూడండి. పచ్చ బంగారంలో అయితే ఐ, జే కూడా చెల్లిపోతాయి, ఆ మిగిలిన డబ్బు సైజు మీద పెట్టొచ్చు.

మచ్చల విషయంలో ఎమరాల్డ్, దాని చదరపు రూపమైన ఆషర్ మొహమాటం లేని రాళ్లు. వాటి ముఖాలు మెట్లమెట్లుగా, అద్దాల్లా ఉంటాయి, లోపల ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి. వాటికి క్లారిటీ గ్రేడ్‌లో వీఎస్2 (చాలా చిన్న మచ్చలు) కన్నా కిందకు దిగకండి. ఓవల్, కుషన్, రేడియంట్ మెరుపులో చాలా దాచేస్తాయి. వీటిలో దానికి ఒక మెట్టు కిందదైన ఎస్ఐ1 కూడా కంటికి శుభ్రంగా కనిపించేది దొరుకుతుంది. మన ఇళ్లలో నల్ల మచ్చ ఉన్న రవ్వ అచ్చిరాదంటారు. ఆ పట్టింపు ఉన్నా లేకపోయినా టేబుల్ (పైన ఉండే చదునైన ముఖం) కింద నల్ల క్రిస్టల్ మచ్చ ఉన్న రాయిని ఎవరూ ముచ్చటపడరు. రంగు లేని క్రిస్టల్ అంచున ఉంటే ప్రాంగ్ కిందికి పోతుంది. మొన దగ్గర ఫెదర్, అంటే చిన్న పగులు ఉన్న రాయి మాత్రం ఎంత చవకైనా వద్దు, పొదిగేటప్పుడే విరగొచ్చు. ఇవి ఎక్కడున్నాయో ల్యాబ్ బొమ్మ చూపిస్తుంది. జీఐఏ డోసియర్ అనే చిన్న రిపోర్టులో ఆ బొమ్మ ఉండదు, అప్పుడు దగ్గరి ఫొటోలు అడిగి తీసుకోవాలి. బొమ్మలో చూపని క్లౌడ్‌ల (సన్నటి చుక్కల గుంపుల) వల్లే ఈ గ్రేడ్ వచ్చిందని రిపోర్టు వ్యాఖ్యల్లో ఉంటే రాయి పాలలా మసకగా ఉందేమో చూసుకోండి.

ల్యాబ్‌గ్రోన్, అంటే ల్యాబ్‌లో తయారైన వజ్రం, కొనేవాళ్లకు ఒక మాట. 2025 అక్టోబరు నుంచి జీఐఏ వాటికి మునుపటిలా రంగు, క్లారిటీ గ్రేడ్లు ఇవ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని మాత్రమే చెబుతోంది. పాత రిపోర్టులతో పోల్చి గందరగోళపడొద్దు.

హైదరాబాద్‌లో ఇంకో మురిపెం ఉంది, ‘గోల్కొండ డైమండ్’. గోల్కొండ వజ్రాలు దొరికిన, కృష్ణా తీరాన ఉన్న కొల్లూరు గనుల పని ఎప్పుడో ముగిసింది. నిజాం పేపర్‌వెయిట్‌గా వాడిన జేకబ్ డైమండ్ కూడా దక్షిణాఫ్రికా రాయే. టైప్ 2ఏ (నైట్రోజన్ దాదాపు లేని రాయి) అని ల్యాబ్ రాసినా అది రాయి స్వభావమే తప్ప పుట్టిన ఊరు కాదు. ఆ పేరుకు అదనంగా రూపాయి కూడా కట్టక్కర్లేదు.

పొదగడం, బిల్లు, పార్శిల్

గర్డిల్, అంటే రాయి నడుము, థిన్ నుంచి స్లైట్లీ థిక్ దాకా ఉంటే సరి. ఎక్స్‌ట్రీమ్లీ థిన్ అయితే పెళుసు, ఎక్స్‌ట్రీమ్లీ థిక్ అయితే దాగిన బరువు. పేర్ మొనకూ, మార్కీజ్ రెండు కొసలకూ, ప్రిన్సెస్ నాలుగు మూలలకూ వి-ప్రాంగ్ (మొనను కప్పే వి ఆకారపు కొక్కెం) అడగండి. దెబ్బ తగిలితే ముందు చిట్లేవి అవే. ఎమరాల్డ్ మూలలు ముందే కోసి ఉంటాయి కాబట్టి మామూలు ప్రాంగ్‌లు చాలు.

వీలైతే ముందు విడి రాయి తెప్పించుకోండి. మీ కోసం ప్రత్యేకంగా పొదిగించిన నగను కొన్ని సైట్లు వెనక్కి తీసుకోవు. విడి నేచురల్ వజ్రానికి జీఎస్‌టీ 1.5 శాతం, నగకు 3 శాతం. బిల్లులో సర్టిఫికెట్ నంబరు, రాయి బరువు, నేచురల్ లేదా ల్యాబ్‌గ్రోన్ అన్న మాట, బంగారం నికర బరువు, మజూరీ వేర్వేరుగా ఉండాలి. మొత్తం రెండు లక్షలు దాటితే పాన్ అడుగుతారు. నగ మీద ఉన్న హెచ్‌యూఐడీని, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరున్న హాల్‌మార్క్ కోడ్‌ను, బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోండి. అది బంగారానికి హామీ, వజ్రానికి కాదు. ఫ్యాన్సీ షేపులకు మార్పిడిలో కోత ఎక్కువ వేసే షాపులున్నాయి, బైబ్యాక్ శాతం రాతపూర్వకంగా తీసుకోండి.

పార్శిల్ రాగానే సీలు కనిపించేలా ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. పది రెట్ల లూప్‌తో (నగల వ్యాపారులు వాడే భూతద్దం) గర్డిల్ మీద లేజర్ నంబరు చదివి, ల్యాబ్ వెబ్‌సైట్‌లోని రిపోర్టుతో పోల్చండి. తర్వాత రాయిని కిటికీ దగ్గర నీడలో పెట్టి చూడండి. మన ఎండలో నేరుగా పెడితే ఎంత మంచి రాయైనా నల్లబడి అక్కడక్కడ నిప్పురవ్వల్లా కనిపిస్తుంది, పంజాగుట్ట షోరూమ్ స్పాట్‌లైట్ల కింద ఎంత నాసిరకమైనా వెలిగిపోతుంది. రెండూ లెక్కలోకి రావు. నగగా వస్తే ప్రాంగ్‌ల మీద దూది ముక్క మెల్లగా రాయండి. పోగు పట్టుకుందంటే ప్రాంగ్ సరిగ్గా ఆనలేదు, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపండి.