ముందు చక్రాలకూ బలం వచ్చింది

మందస కొండల దిగువన మా జీడితోటకు ఎరువు చేరవేసే పికప్, వాన పడితే బురదలో దిగబడేది. వెనక చక్రాలు తిరిగేవి, బండి కదిలేది కాదు. తుక్కుకు పోయిన అదే రకం ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే) బండి నుంచి ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు), ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తెచ్చి బిగించాం. దానికి ముందే రవాణా శాఖ అనుమతి తీసుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది తప్పనిసరి.

ముందు చక్రాలను కలిపే లీవరు వేయగానే బండి బిగుసుకుపోయి మూలిగింది. ప్రాణం ఉసూరుమంది. ముందు, వెనక ఇరుసుల మధ్య ఉండే గేరు పెట్టెలు, అంటే రెండు డిఫరెన్షియళ్లు విప్పి పళ్లు లెక్కపెట్టాం. ముందు క్రౌనుకు (పెద్ద గేరుకు) 41, దాన్ని తిప్పే పినియనుకు (చిన్న గేరుకు) 9. వెనక 41కి 10! ముందు చక్రం ఒక చుట్టు తిరిగేలోగా వెనకది తొమ్మిదో వంతు ఎక్కువ తిరగాలని చూస్తోంది, అందుకే ఒకదాన్నొకటి పట్టేస్తున్నాయి. ఆ తుక్కు బండి వెనక గేర్ల జతనే తెచ్చి వేశాక మూలుగు పోయింది. స్పీడోమీటరు మాత్రం గంటకు 36 కిలోమీటర్ల వేగానికి 40 చూపుతోంది, దాని గేరు మార్చాలి.