శాలిహుండం కొండ మీద ఆనాపానసతి: మొదటి నాలుగు మెట్లు

ధ్యానం బుద్ధుడితో మొదలవలేదు. ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అప్పటికే నేర్పుతున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకుని, అది చాలదనిపించి ఆయన బయటికొచ్చాడు. ఆయన చెప్పిన ఆనాపానసతిలో, అంటే ఊపిరిని గమనించే ధ్యానంలో, 16 మెట్లు. కొత్తవాళ్లకు 4 చాలు.

శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండకు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రాయి కాలుతుంది. స్తూపాల మీదకి ఎక్కొద్దు, చెట్టు నీడ చూసుకోండి. తువ్వాలు నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టండి. మోకాళ్లు నేలకు ఆనకపోతే ఇంకో మడత.

ఊపిరి పొడవైతే పొడవని, పొట్టిదైతే పొట్టిదని తెలుసుకోవడం మొదటి రెండు మెట్లు. మూడోది ఒళ్లంతా ఎరుకలో ఉంచుకుని పీల్చడం, వదలడం. నాలుగోది ఒంటిని నెమ్మదించనివ్వడం.

చాలామంది మొదటి మెట్టు మీదే జారతారు. ఊపిరిని కావాలని సాగదీస్తారు. తల దిమ్మెక్కుతుంది, రొమ్ము బిగుస్తుంది. ఇది ప్రాణాయామం కాదండీ. ఊపిరిని దాని మానాన వదిలేసి, ముక్కు పుటాల దగ్గర చల్లగా లోపలికి, వెచ్చగా బయటికి వెళ్లడం గమనించండి. మనసు కళింగపట్నం బీచికి పోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోండి. కునుకొస్తే కళ్లు సగం తెరవండి, లేదా లేచి నడవండి. 20 నిమిషాలయ్యాక, కాళ్ల తిమ్మిరి వదిలితేనే లేవండి.