బెడ్‌రూమ్‌లో టేకు నేల: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

బెడ్‌రూమ్‌లో వేసిన టేకు నేల ఇబ్బంది పెడుతుంటే మొదట రెండు పిన్నుల తేమ మీటరు ఒకటి తెచ్చుకోండి. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది. టేకు నేలకు వచ్చే రోగాల్లో చాలావాటికి మూలం తేమే. బిగించేనాటికి చెక్కలో మిగిలిపోయిన తేమ కావచ్చు, గచ్చులోంచి పైకెక్కే చెమ్మ కావచ్చు, రుతువును బట్టి గాలిలో మారే తేమ కావచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా సందులు పూడ్పించడం, మళ్లీ పాలిష్ కొట్టించడం డబ్బు దండగ. ఇంకా చెక్క కొననివాళ్లకూ ఇది పనికొస్తుంది. కింద చెప్పిన ఒక్కో ఇబ్బందీ కలప డిపోలో అడగకుండా వదిలేసిన ఒక ప్రశ్న నుంచి పుట్టిందే.

పలకల మధ్య సందులు పడ్డాయి

ముందు సందులు ఎలా పడ్డాయో చూడండి. ప్రతి అతుకులోనూ కొంచెం కొంచెంగా, సమానంగా ఉంటే చెక్క మొత్తం ఆరి కుంచించుకుందని అర్థం. ఐదారు పలకలు అంటుకుని ఉండి, ఆ గుంపు పక్కన ఒక్కటే పెద్ద సందు ఉంటే అది పాలిష్ చేసిన పని. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

టేకు తక్కువగా కదిలే చెక్కే, కానీ అసలు కదలని చెక్క లేదు. మామూలు కోత పలకలో తేమ ఒక్క శాతం తగ్గితే వెడల్పు సుమారు 0.2 శాతం తగ్గుతుంది. పలక చివర చూసినప్పుడు వలయాల గీతలు నిలువుగా కనిపించే కోతలో అది 0.09 శాతమే. 18 శాతం తేమతో బిగించిన 90 మి.మీ. పలక, హైదరాబాద్ ఎండాకాలంలో, రాత్రంతా ఏసీ నడిచే గదిలో 10 శాతానికి దిగిందనుకోండి. మామూలు కోతైతే ప్రతి అతుకులో దాదాపు 1.4 మి.మీ. సందు వస్తుంది, నిలువు గీతల కోతైతే 0.65 మి.మీ. చాలామంది ముచ్చటపడే 150 మి.మీ. వెడల్పు పలక మామూలు కోతలో అయితే 2.4 మి.మీ. సందు. ఏటీఎం కార్డు సులువుగా దూరిపోతుంది.

మరమ్మతుకు తొందరపడకండి. మే నెలలో కనిపించిన సందును ఆగస్టులో మళ్లీ కొలవండి. 1 మి.మీ. లోపు ఉండి వానాకాలంలో మూసుకుపోతే అది చెక్క సహజ కదలిక, దాన్ని వదిలేయాలి. అప్పుడు పుట్టీ పెట్టిస్తే వానల్లో ఉబ్బిన పలకలు దాన్ని నలిపి పైకి తోసేస్తాయి, లేదా చోటు లేక అవే పైకి లేస్తాయి. వానాకాలంలో కూడా 2 మి.మీ. మిగిలే సందులకు సన్నటి టేకు పుల్లలు చీల్చి, ఒక పక్కకే జిగురు రాసి దించాలి. రెండు పక్కలా అంటిస్తే పలక కదలడానికి వీలుండదు, చీలుతుంది.

ఇక గుంపులుగా అంటుకున్న పలకలు. పాలిష్‌ను నేల మీద పోసి పరిస్తే అది అతుకుల్లోకి దిగి పలకలను జిగురులా పట్టేస్తుంది. ఎండాకాలంలో ఆ గుంపంతా ఒకే పెద్ద పలకలా కుంచించుకుని పక్కన వేలెడు సందు వదులుతుంది. పలుచటి బ్లేడుతో అతుకుల వెంట కోసి విడదీయండి. ఈసారి మొదటి పూత సీలరును (పాలిష్ కింద చెక్క రంధ్రాలు మూసే పూత) గుడ్డతో పలుచగా రాయించండి.

అంచులు లేచి పలక దోనెలా వంగింది

పలక అడుగు భాగం పైభాగం కంటే తడిగా ఉందని దీని అర్థం. కింది ముఖం ఉబ్బుతుంది, పైముఖం ఆరుతుంది, అంచులు పైకి తిరుగుతాయి. ఎక్కడ వంగిందో చూస్తే దొంగ సగం దొరికినట్టే.

బాత్రూమ్ గోడ పక్కనే వంగితే ఆ గోడ వెనక పైపు గానీ, బాత్రూమ్ నేల వాటర్‌ప్రూఫింగ్ గానీ చూడాలి. ఏసీ కిందే వంగితే డ్రైన్ పైపు మూసుకుని నీళ్లు గోడ వెంట దిగుతున్నాయి. బాల్కనీ తలుపు దగ్గరైతే గడప కింద నుంచి వాన చెమ్మ వస్తోంది. గదంతా ఒకేలా వంగితే మాత్రం గచ్చు ఆరకముందే చెక్క వేశారు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే నేల నుంచి చెమ్మ ఎక్కుతోందని కూడా అనుమానించాలి.

గచ్చు ఆరిందో లేదో తెలుసుకోవడం తేలిక. రెండడుగుల చదరం పాలిథిన్ ముక్కను గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు కింద నీటి బొట్లు ఉన్నా, గచ్చు రంగు ముదిరినా చెక్క వేయకూడదు. మంచి ఎండ, గాలి ఉన్న రోజుల్లో కూడా అంగుళం మందం గచ్చు ఆరడానికి నెల పడుతుంది. రెండంగుళాల గచ్చుకు రెండు నెలలు, వానాకాలంలో ఇంకా ఎక్కువ. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని ఇక్కడ తొందరపడినవాళ్లే తర్వాత నేల మొత్తం ఊడదీయించుకుంటారు.

మరమ్మతు వరస తప్పకూడదు. ముందు నీరు వచ్చే చోటు కట్టాలి. తర్వాత స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) తీసి, ఫ్యాన్ వేసి, గది ఆరనివ్వాలి. వంపు తక్కువైతే రెండు మూడు నెలల్లో చాలావరకు పలక దానంతట అదే సర్దుకుంటుంది. మీటరు వరసగా రెండు వారాలు ఒకే అంకె చూపించాకే ఎమరీ మెషిన్ పెట్టాలి. వంగి ఉండగానే అంచులు అరగదీస్తే, చెక్క ఆరాక ఆ అంచులు పల్లమై మధ్య భాగం మిట్టగా మిగిలిపోతుంది. అప్పుడు మందం పోయిందే కానీ నేల చదును కాలేదు.

మొదటి నుంచీ మధ్య మిట్టగా, అంచులు పల్లంగా ఉంటే తడి పైనుంచి వస్తోంది. రోజూ బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టే అలవాటు టేకు నేలకు పడదు. గుడ్డ పిండితే ఒక్క చుక్క కూడా కారకూడదు, తుడిచిన నేల నిమిషంలో ఆరిపోవాలి. ఫినాయిల్ వాడొద్దు, పాలిష్ మసకబారుతుంది.

వానాకాలంలో నేల మధ్యలో లేచి గుడారంలా నిలబడింది

గోడల దగ్గర చోటు వదల్లేదు. లెక్క చూడండి: 12 అడుగుల వెడల్పు గదిలో పలకలన్నీ 3 శాతం తేమ పీలిస్తే, అడ్డూ అదుపూ లేకపోతే మొత్తం వెడల్పు 22 మి.మీ. పెరుగుతుంది. అందుకే నాలుగు గోడల వెంట 12 మి.మీ. ఖాళీ వదిలి, దాన్ని స్కర్టింగ్ కింద దాచాలి. తలుపు చట్రాల దగ్గర, అల్మరా అడుగున, పైపుల చుట్టూ కూడా. స్కర్టింగ్ మేకులు గోడలోకే దిగాలి, పలకలోకి దిగితే ఖాళీ వదిలినా లాభం లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఈ తప్పుకు మొదటి వానాకాలమే శిక్ష వేస్తుంది.

మరమ్మతుకు స్కర్టింగ్ ఊడదీసి, గోడ పక్క పలకను చేతి రంపంతోనో మల్టీటూల్‌తోనో 12 మి.మీ. కోయండి. లేచిన చోట ఇటుకలు బరువు పెట్టి వారం వదిలేయండి. టంగ్ (పక్క పలక గాడిలో దూరే అంచు) విరిగిన పలకలు మార్చక తప్పదు.

పలక మీద పిండి రాలుతోంది

1, 2 మి.మీ. గుండ్రటి రంధ్రాలు, కింద మైదాలాంటి మెత్తటి పొడి కనిపిస్తే అది చెదలు కాదు, పుచ్చు పురుగు. చెదలైతే మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. టేకుకు చెద పట్టదని అందరూ నమ్ముతారు. ఆ మాట చేవకే, అంటే మాను నడిమి ముదురు చెక్కకే వర్తిస్తుంది. చేవలో ఉండే టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు చెదలను దూరం పెడతాయి. బెరడు కింద ఉండే తెల్లచెక్కలో అవి ఉండవు. పైగా పిండి పదార్థం ఉంటుంది, పురుగుకు అదే తిండి. పాలిష్ వేసేటప్పుడు తెల్లచెక్కకు కూడా చేవ రంగు పూయడం మామూలే కాబట్టి పాలిష్ వేసిన పలక కొనకండి.

పొడి ఏ పలకలో రాలుతోందో దాని అంచులు చూడండి, తెల్లటి పట్టీ ఉంటుంది. అలాంటి పలకలను తీసి మార్చడమే మేలైన మందు. మార్చలేకపోతే పాలిష్ గీకి పచ్చి చెక్క తేల్చి, బోరిక్ యాసిడ్ ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాళ్లు కలిపిన 5 శాతం ద్రావణాన్ని (లీటరు వేడినీళ్లకు 20 గ్రాములు, 30 గ్రాములు) రెండు మూడు సార్లు పట్టించి, బాగా ఆరాక మళ్లీ పాలిష్ వేయండి. పాలిష్ మీద పూస్తే లోపలికి దిగదు.

పాలిష్ ఆరడం లేదు, లేదా పొరలుగా లేస్తోంది

టేకులో సహజంగా ఉండే నూనె ఇందుకు కారణం. చిత్రిక పట్టిన కొన్ని గంటల్లోనే నూనె పైకి చేరి, పాలిష్‌నూ జిగురునూ పట్టనివ్వదు. పాలిష్‌కు ముందు 120 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, తెల్లటి గుడ్డను అసిటోన్‌లోనో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లోనో ముంచి తుడవాలి. గుడ్డకు పసుపు రంగు దిగడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ తుడిచి, అరగంట, గంటలోపే మొదటి పూత వేయాలి. కిటికీలు తెరిచి ఉంచండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. ఇప్పటికే లేచిన పాలిష్ మీద ఇంకో పూత వేసి లాభం లేదు, పూర్తిగా గీకాల్సిందే.

నేలకు రెండు భాగాలు కలిపే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మూడు పూతలు సరిపోతుంది. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగి, 320 ఎమరీతో తేలిగ్గా రుద్దాలి. మెలమైన్ పాలిష్ తలుపుకు బాగుంటుంది కానీ నేల మీద పెళుసై గీతలు పడుతుంది. మంచం వారం తర్వాతే లోపలికి తేవాలి.

చిన్న ఇబ్బందులు

నడిస్తే కిర్రుమంటే కింద గచ్చు చదునుగా లేదు. ఆరడుగుల రూళ్ల కర్ర పెడితే ఎక్కడా 3 మి.మీ. మించి వెలుతురు కనిపించకూడదు. తాత్కాలికంగా అతుకులో టాల్కమ్ పౌడరు చల్లి చూడండి. పోకపోతే ఆ చోట పలకల కింద పరిచిన ప్లైవుడ్‌లోకి స్టెయిన్‌లెస్ స్క్రూ దించి, తలను టేకు బిరడాతో మూయాలి.

మేకుల చుట్టూ నల్లమచ్చలు వస్తే ఇనుము, తడి కలిసి టేకులోని పదార్థాలతో చర్య జరిపాయి. పాలిష్ గీకి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల ఆక్జాలిక్ యాసిడ్ కలిపి చేతి తొడుగులతో రాయండి, అరగంట తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడవండి. పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

కొత్త నేలలో ఒక పలక ఆకుపచ్చ ఛాయగా, ఒకటి ముదురుగా ఉందని బెంగపడకండి. వెలుతురు తగిలే కొద్దీ కొన్ని నెలల్లో అన్నీ బంగారు గోధుమ రంగుకు చేరువవుతాయి. అప్పటిదాకా కార్పెట్ పరవకండి, దాని కింది ముక్క వేరే రంగులో ఉండిపోతుంది. సొట్టలు పడకుండా మంచం కాళ్లకు ఫెల్టు బిళ్లలు అంటించాలి, టేకు మరీ గట్టి చెక్క కాదు.

కొనేటప్పుడు

"బర్మా టేకు" అన్న మాటకే డబ్బు కట్టొద్దు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. ఆ పేరుతో దుంగ చూపిస్తే కాగితాలు అడగండి. మహారాష్ట్ర నుంచి వచ్చే బల్లార్షా టేకు, కేరళ నీలంబూరు టేకు, ఘనా తోటల టేకు, అన్నీ నిజమైన టేకే; తేడా వయసులో, చేవ శాతంలో ఉంటుంది. "ఆఫ్రికన్ టేకు" అని మాత్రం ఇరోకో, అఫ్రోర్మోసియా లాంటి వేరే జాతులనూ అమ్ముతారు. నిజమైన టేకును అప్పుడే కోస్తే తోలు వాసన వస్తుంది, చేత్తో తడిమితే మైనం రాసినట్టు జిడ్డుగా తగులుతుంది, చివర కోతలో వలయాలు స్పష్టంగా ఉంటాయి.

బెడ్‌రూమ్‌కు నా ఎంపిక 75 నుంచి 90 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం, తెల్లచెక్క లేని పలక. హైదరాబాద్, వరంగల్ వైపు 8 నుంచి 11 శాతం, తీరంలో 12 నుంచి 14 శాతం తేమ ఉన్నది తీసుకోండి. పలకను మధ్యకు కోయించి ఆ కొత్త కోతలో మీటరు గుచ్చండి, పైన గుచ్చితే ఆరినట్టే చూపిస్తుంది. తెచ్చాక అదే గదిలో పలకల మధ్య రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) పెట్టి పేర్చి, ఏసీ ఎప్పటిలాగే వేస్తూ రెండు వారాలు ఉంచాలి. ఏసీ రోజంతా నడిచే గదికైతే పైన 3, 4 మి.మీ. టేకు పొర, దాని కింద ప్లైవుడ్‌లాంటి చెక్క ఉన్న ఇంజనీర్డ్ పలక ఇంకా నిలకడగా ఉంటుంది. పై పొర 0.6 మి.మీ. అయితే ఒక్కసారి కూడా ఎమరీ పట్టదు, వద్దు.

12 × 14 గది అంటే 168 చదరపు అడుగులు. అంగుళం పలక కోయించి 18 మి.మీ.కు చిత్రిక పట్టిస్తారు కాబట్టి 14 ఘనపుటడుగులు. టంగ్ కోతకు 7 శాతం, ముక్కల వృథాకు 10 శాతం కలిపితే దాదాపు 16.5. తెల్లచెక్క, ముడులు తీసేయగా మిగిలే నికర కొలత ఇది, డిపో బిల్లు కొలత కాదు. దీని మీద ఐదారు పలకలు ఎక్కువే చేయించి, పాలిష్ వేయకుండా మంచం కింద దాచండి. మూడేళ్ల తర్వాత ఒక పలక మార్చాల్సి వస్తే అదే మందం, అదే గాడి కొలత డిపోలో దొరకదు.