వీడియో పాఠం అందరికీ అర్థమైంది, నాలుగో రోజుకి ఎవరికీ గుర్తులేదు: కారణం, పరిష్కారం

లక్షణం

గుంటూరులోనో విజయవాడలోనో ఒక ఎనిమిదో తరగతి. ఇంటరాక్టివ్ ప్యానెల్ (తాకితే పనిచేసే పెద్ద తెర) మీద 'పీడనం' వీడియో వేశారు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. "అర్థమైందా?" అంటే గదంతా "అర్థమైంది సార్" అని ఒకటే గొంతు. నాలుగు రోజులాగి "బలం అంతే ఉండి వైశాల్యం పెరిగితే పీడనం ఏమవుతుంది?" అని అడిగితే తలలు వంగిపోతాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని అదే వీడియోని మళ్లీ వేయడం. దయచేసి ఆగండి. దానికి ముందు ఐదు నిమిషాల తనిఖీ ఒకటుంది. అందరూ దాటేసేది దాన్నే.

ముందు ఇది చూడండి

ప్యానెల్ ఆపి, పుస్తకాలు మూయించండి. ఒక ప్రశ్న అడిగి, రఫ్ నోటు చివరి పేజీలో ఎవరి జవాబు వాళ్లే రాయమనండి. ఆ తర్వాత అదే ప్రశ్నకి మూడు ఎంపికలిచ్చి వేళ్లు చూపించమనండి. ఈ వరస తారుమారు కాకూడదు, ఎంపికలు ముందిస్తే జవాబు మీరే అందించినట్టు. గుడ్డిగా చూపించినా మూడో వంతు మందికి తగులుతుంది, కాబట్టి ఇలా మూడు ప్రశ్నలడగండి.

వేలు సరిగ్గా చూపించి, రాయలేకపోయారా? అయితే కింద చెప్పేదే మీ సమస్య. రెండూ తప్పితే లోపం ఈ పాఠంలో లేదు, దాని వెనక ఉంది. రెండూ వచ్చాయంటే పాఠం నిలిచింది, మీరడిగిన ప్రశ్న మాటల్లోనే తికమక ఉంది.

అసలు కారణం

గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. వీడియోలో మేకు, వెడల్పాటి బ్యాగు పట్టీ కనబడగానే పిల్లలు గుర్తుపడతారు. ఆ తెలిసిన భావాన్నే 'వచ్చేసింది' అనుకుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. మళ్లీ వీడియో వేస్తే ఆ భావం ఇంకా గట్టిపడుతుంది, జ్ఞాపకం మాత్రం అంతగా గట్టిపడదు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో తెలుస్తుంది. ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత 83 శాతం చెప్పగలిగారు. ఒకే విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకున్నవాళ్లు 71 శాతమే. వారం తర్వాత చూస్తే తిరగబడింది: మొదటివాళ్లు 40, రెండోవాళ్లు 61. అంటే పీరియడ్ చివర్లో బ్రహ్మాండంగా కనిపించిన పద్ధతే వారానికి వెనకబడింది. గంట కొట్టేముందు వచ్చే జవాబుల్ని చూసి పాఠాన్ని తూచకండి.

పరిష్కారం

ఎనిమిది నిమిషాల వీడియో అయితే రెండుచోట్ల ఆపాలి. ఎక్కడ ఆపాలో ముందురోజే చూసి నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. ఒక కొత్త భావన పూర్తయినచోట ఆపాలి, మధ్యలో కాదు. ఆపగానే తెర నల్లగా అయిపోవాలి. బొమ్మ నిలిచిపోయి కనబడుతుంటే పిల్లలు దాన్ని చూసే రాస్తారు.

ప్రశ్న వీడియోలో లేని ఉదాహరణతో ఉండాలి. "40 కిలోల మిర్చి టిక్కీ (బస్తా) తలకెత్తేటప్పుడు చుట్టకుదురు ఎందుకు పెట్టుకుంటారు?" పలక మీద ఒక్క వాక్యం, 40 సెకన్లు, మాటల్లేవు. తర్వాత ఒక నిమిషం పక్కవాళ్లతో పోల్చుకోవాలి. ఆపైన పలకలన్నీ ఒకేసారి పైకి. పలకలు లేకపోతే ప్లాస్టిక్ కవర్లో తెల్లకాగితం, మార్కరు చాలు. చేతులెత్తమంటే ఎప్పుడూ ఆ నలుగురే ఎత్తుతారు.

పలకల్లో నాలుగింట మూడొంతులు సరిగ్గా ఉంటే ముందుకు వెళ్లండి. తగ్గితే వీడియో వదిలేసి బోర్డు దగ్గరికి రండి. టిక్కీ బరువు సుమారు 400 న్యూటన్లు. అది 50 చదరపు సెంటీమీటర్ల మీద ఆనితే ఒక్కో చదరపు సెంటీమీటరుకి 8 న్యూటన్లు, కుదురు పెట్టి 200 చేస్తే 2. బరువు మారలేదు, తల మీద నొప్పి మారింది. సరైన జవాబు అప్పటికప్పుడే చెప్పాలి, లేకపోతే తప్పే నిలిచిపోతుంది.

మర్నాడు రెండు ప్రశ్నలు, నాలుగోరోజు ఒకటి, రెండు వారాలకి ఇంకొకటి, అన్నీ పీరియడ్ మొదట్లోనే. వీటికి మార్కులు వేయకండి. మార్కులంటే భయపడి పక్క పలక చూస్తారు, మీకు తప్పుడు లెక్క వస్తుంది. మొదటి వారం గోల ఉంటుంది, సిలబస్ వెనకబడుతున్నట్టు అనిపిస్తుంది. అయినా వదలొద్దు.

ట్యాబుల్లో క్విజ్ పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. పిల్లలు ఎ నొక్కి, బి నొక్కి, ఆకుపచ్చ వచ్చేదాకా నొక్కుతూ పోతారు. చివర్లో పదికి పది. జవాబు నోటులో రాశాకే ఎంపికలు తెరవమనండి, మొదటి ప్రయత్నాన్నే లెక్కలోకి తీసుకోండి.

రెండూ తప్పితే

మొదటి తనిఖీలో రాతా, వేలూ రెండూ తప్పితే, వైశాల్యం అంటే ఏంటో అడిగి చూడండి. చాలాసార్లు తెగిపోయేది అక్కడే. గళ్ల కాగితం మీద అరిచెయ్యి గీయించి గళ్లు లెక్కపెట్టిస్తే ఒక పీరియడ్‌లో తేలిపోతుంది. వీడియో ఇంగ్లీషులో ఉంటే ముఖ్యమైన ఐదారు మాటలు ముందే రెండు భాషల్లో బోర్డు మీద రాయండి, రెండు భాషల పాఠ్యపుస్తకం ఉన్నది అందుకే. తెలుగు మాట వినబడుతూ అదే తెలుగు వాక్యం తెర మీద కూడా నడుస్తుంటే ఆ అక్షరాలు ఆపేయండి, చూపు బొమ్మ మీద నిలవదు.

మిగతావి

"మావాడు చూస్తేనే నేర్చుకుంటాడు, వింటే రాదు" అనే మాట మీద సమయం పెట్టకండి. అలా పిల్లల్ని విడదీసి చెప్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే మనస్తత్వ శాస్త్రవేత్త పాష్లర్ బృందం పరిశీలించి చెప్పింది. టచ్ తనంతట తాను పనిచేస్తుంటే అంచు ఫ్రేములో సుద్దపొడి పేరుకుని ఉండొచ్చు, పొడిగుడ్డతో తుడవండి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంటే కిటికీ మూయండి. చివరి బెంచీకి వినబడుతోందో లేదో అక్కడికెళ్లి ఒకసారి నిలబడి వినండి.