బ్రేకు కీచుమంటే ప్యాడ్లు మార్చే ముందు

మన విశాఖలో బీచ్ రోడ్డు వైపు కారు రాత్రంతా బయట ఉంటే ఉప్పుగాలికి బ్రేక్ డిస్కు మీద ఎర్రటి తుప్పు పొర పడుతుంది. పొద్దున్నే వచ్చే కీచు రెండు మూడు బ్రేకులకు పోతే దాని గురించి టెన్షన్ వద్దు. మా కారు మాత్రం హనుమంతవాక సిగ్నల్ దగ్గర తొక్కిన ప్రతిసారీ అరిచేది. ఆ అరుపు రెండు వందల లోపు ఖర్చుతో ఆగింది.

చదునైన చోట వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రం నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి చక్రం విప్పండి. విప్పిన చక్రాన్ని కారు కిందే పడుకోబెట్టండి, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. చాలా కార్లలో కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) కింది బోల్టు తీసి పైకి లేపితే ప్యాడ్లు చేతికొస్తాయి. నల్లటి దుమ్మును నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ప్యాడ్ ముఖం, అంటే డిస్కుకి తగిలే వైపు, గాజులా మెరుస్తుంటే 120 నంబర్ శాండ్ పేపర్ మీద ఆ మెరుపు పోయేదాకా రుద్దాలి. నాకు ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత బ్రేక్ గ్రీజు శనగగింజంత తీసుకుని ప్యాడ్ వీపుకి, రెండు చివర్లా పొడుచుకొచ్చిన చెవులకి పల్చగా రాయండి. ముఖానికి గానీ డిస్కుకి గానీ కొంచెం కూడా అంటకూడదు, అంటితే బ్రేకు పట్టదు. అంతా బిగించాక, కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.

వెనక ఇనుప రేకు కాకుండా ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గినా, ఇనుము రాసుకున్నట్టు గరగరమన్నా ఇది పనిచేయదు. ప్యాడ్లు మార్చాల్సిందే, అలాంటి వాటితో సింహాచలం కొండ మాత్రం ఎక్కకండి.