రద్దయిన అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గం చరిత్రను రాయడం ఎలా: మసాచుసెట్స్ 11వ స్థానం ఉదాహరణగా

అమెరికా ప్రతినిధుల సభలో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని నియోజకవర్గం గురించి తెలుగులో వ్యాసం రాయడానికి కూర్చున్నవారికి మొదట దొరికేది ఒక పేర్ల పట్టిక. ఆ పట్టికను ఉన్నదున్నట్టుగా తెలుగులోకి దించి, పైన ఒక పరిచయ వాక్యం, కింద ఒక ముగింపు వాక్యం చేర్చితే వ్యాసం పూర్తయినట్టే కనిపిస్తుంది గానీ, అందులో చరిత్ర ఉండదు. చాలాసార్లు తప్పు కూడా ఉంటుంది. అక్కడ నియోజకవర్గానికి ఊరి పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. పదేళ్లకొకసారి జనాభా లెక్కలు ముగిసిన తరువాత రాష్ట్ర శాసనసభ గీతలు మార్చినప్పుడల్లా ఆ అంకె ఒక ఊరి మీద నుంచి లేచి మరో ఊరి మీద వాలుతుంది. అందువల్ల అంకెను పట్టుకుని వెళ్లేవారు దారి తప్పుతారు, ఊళ్లను పట్టుకుని వెళ్లేవారికి కథ దొరుకుతుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి అంతా ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువారికి ఇది అర్థం కాని సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లాలో ఉత్తర భాగం అటు వెళ్లింది, శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. అంతకు ముందు బరంపురం ప్రాంతం నుంచి ఎన్నికైనవారి వివరాలను కటక్ దస్తావేజుల్లో వెతికితే దొరకవు, మద్రాసు శాసనమండలి దస్తావేజుల్లో వెతకాలి. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి 1952లో లోక్‌సభకు ఎన్నికైన పాతపట్నం స్థానం ఆ తరువాతి ఎన్నికలకే లేకుండా పోయింది. 1957లో ఆయన ద్విసభ్య స్థానమైన పార్వతీపురం నుంచి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 పునర్విభజనలో ఆ పార్వతీపురం లోక్‌సభ స్థానమూ రద్దయింది. మన దగ్గర స్థానం పోతే పేరు కూడా పోతుంది కాబట్టి పోయిన సంగతి అందరికీ తెలుస్తుంది. అమెరికాలో అంకె మిగిలి ఊరు మారిపోతుంది కాబట్టి, జరిగిన మార్పు పట్టికలో కనిపించదు.

ఉదాహరణకు మసాచుసెట్స్ రాష్ట్రపు 11వ నియోజకవర్గాన్ని తీసుకుందాము. ఇద్దరు అధ్యక్షులు (జాన్ క్విన్సీ ఆడమ్స్, జాన్ ఎఫ్. కెనెడీ), ఒక సభాపతి (థామస్ ఓనీల్) ఆ అంకె కింద సభలో కూర్చున్నారు. 1993లో అది రద్దయింది. ఇంత పేరున్న స్థానమైతే సమాచారం సులభంగా దొరుకుతుంది, పొరపాట్లూ అంతే సులభంగా దొర్లుతాయి, కనుక నేర్చుకోవడానికి ఇది అనువైనది.

పేర్ల జోలికి వెళ్లే ముందు, ప్రతి జనాభా లెక్క తరువాత ఆ రాష్ట్రానికి ఎన్ని స్థానాలు దక్కాయో ఒక కాగితం మీద వరుసగా రాసుకోవాలి. ఈ అంకెలు అమెరికా జనగణన సంస్థ పట్టికల్లో ఉంటాయి. మసాచుసెట్స్‌కు 1830 లెక్కల తరువాత 12 స్థానాలు, 1840 తరువాత 10, 1850 తరువాత 11, 1860 తరువాత 10, 1870 తరువాత మళ్లీ 11 వచ్చాయి. 1910 తరువాత 16కు పెరిగి, 1930 తరువాత 15కు, 1940 తరువాత 14కు, 1960 తరువాత 12కు, 1980 తరువాత 11కు, 1990 తరువాత 10కి తగ్గాయి. ఈ ఒక్క వరుసను చూస్తేనే, పేర్ల పట్టిక చెప్పని విషయం ఒకటి బయటపడుతుంది. 11వ నియోజకవర్గం ఒక్కసారి రద్దయినది కాదు. 1843లో రాష్ట్రానికి పదే స్థానాలు మిగిలినప్పుడు అది మాయమైంది, 1853లో తిరిగి వచ్చింది, 1863లో మళ్లీ పోయింది, 1873లో మళ్లీ వచ్చింది, చివరికి 1993లో పోయి ఇక రాలేదు. "1993లో రద్దయింది" అని మొదటి వాక్యంలో రాసి ఊరుకుంటే ఈ పూర్వకథ అంతా పాఠకుడికి అందకుండా పోతుంది.

ఇంకా వెనక్కి, 1820కి ముందరి కాలానికి వెళ్లేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. ఆ ఏడాది మార్చి దాకా ఇప్పటి మెయిన్ రాష్ట్రం మసాచుసెట్స్‌లో భాగంగానే ఉండేది. అది విడిపోయినప్పుడు ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 20 స్థానాల్లో 7 మెయిన్‌కు వెళ్లాయి. కాబట్టి ఆ కాలపు ప్రతినిధి ఏ వైపువాడో తేల్చుకోకుండా పేరును పట్టికలో చేర్చకూడదు.

తరువాతి పని సంవత్సరాలను సరిచూడడం. కాంగ్రెస్ సభ్యుల జీవిత వివరాలను ఇచ్చే అధికారిక బయోగ్రాఫికల్ డైరెక్టరీలో చాలా సందర్భాల్లో నియోజకవర్గం అంకె ఉండదు. ఎన్నో కాంగ్రెస్ (రెండేళ్ల సభా కాలం ఒక్కొక్కదానికి ఇచ్చే వరుస సంఖ్య) నుంచి ఎన్నో కాంగ్రెస్ దాకా ఆ వ్యక్తి సభ్యుడో మాత్రమే ఉంటుంది. దానిని సంవత్సరంగా మార్చడానికి చిన్న లెక్క చాలు: కాంగ్రెస్ సంఖ్యలోంచి ఒకటి తీసివేసి, మిగిలినదానిని రెండుతో హెచ్చించి, 1789కి కలపాలి. 80వ కాంగ్రెస్ అంటే 79ని రెండుతో హెచ్చిస్తే 158, దానిని 1789కి కలిపితే 1947 వస్తుంది. ఎన్నిక జరిగేది సరిసంఖ్య సంవత్సరంలో, పదవి మొదలయ్యేది బేసి సంవత్సరంలో కాబట్టి, 1946లో గెలిచిన వ్యక్తిని 1946 నుంచి సభ్యుడని రాయడం తెలుగు వ్యాసాల్లో తరచుగా కనిపించే తప్పు. 73వ కాంగ్రెస్ వరకు పదవీకాలం మార్చి 4న మొదలయ్యేది. రాజ్యాంగపు 20వ సవరణ తరువాత, 1935 నుంచి, జనవరి 3న మొదలవుతోంది.

ఈ రెండు పనులూ అయ్యాక పట్టిక గీయాలి. అందులో కాంగ్రెస్ సంఖ్య, సంవత్సరాలు, నియోజకవర్గం అంకె, ప్రతినిధి, పార్టీ అనే గడులతో పాటు "ఊళ్లు" అనే గడి తప్పక ఉండాలి. ఒక వరుస ఇలా ఉంటుంది: 80వ కాంగ్రెస్, 1947–49, 11, జాన్ ఎఫ్. కెనెడీ, డెమొక్రాటిక్ పార్టీ, కేంబ్రిడ్జి, బోస్టన్ నగరంలో చార్ల్స్‌టౌన్, ఈస్ట్ బోస్టన్, నార్త్ ఎండ్, బ్రైటన్, పొరుగున సోమర్‌విల్‌లో కొంత. చివరి గడిని నింపడానికే ఎక్కువ శ్రమ పడుతుంది. సరిహద్దులు రాష్ట్ర చట్టాల్లో ఊరి పేర్లతోనూ, బోస్టన్ వంటి పెద్ద నగరమైతే వార్డుల సంఖ్యలతోనూ ఉంటాయి; ఆ వార్డులు కూడా కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. ఆ చట్టాలు చదివే ఓపిక లేనివారు లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు తొలి కాంగ్రెస్ నుంచీ సిద్ధం చేసి ఉంచిన సరిహద్దు పటాలను చూడవచ్చు. ఓట్ల అంకెలకు 1920 నుంచి ప్రతినిధుల సభ క్లర్కు ప్రచురిస్తున్న ఎన్నికల గణాంకాలు నమ్మదగినవి.

ఊళ్ల గడి ఎందుకంత ముఖ్యమో 1933 వరుస దగ్గర తెలుస్తుంది. 1915 నుంచి 1933 దాకా 11వ స్థానానికి జార్జ్ హోల్డెన్ టింకమ్ అనే రిపబ్లికన్ ప్రతినిధి. 1933లో ఆ స్థానంలో జాన్ డగ్లస్ అనే డెమొక్రాట్ కనిపిస్తారు. 1932 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ అయిన రూజ్‌వెల్ట్ ఘనవిజయం సాధించారని తెలిసినవారు ఎవరైనా ఇక్కడ "రూజ్‌వెల్ట్ గాలిలో రిపబ్లికన్ల కంచుకోట కూలింది" అని రాసేస్తారు. నిజానికి అక్కడ ఏ కోటా కూలలేదు. రాష్ట్రానికి ఒక స్థానం తగ్గడంతో అంకెలు మారాయి. 11వ స్థానపు టింకమ్ 10వ స్థానానికి మారి 1943 దాకా సభలోనే ఉన్నారు. 1925 నుంచి 10వ స్థానంలో ఉన్న డగ్లస్ 11వ స్థానానికి వచ్చారు. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు, పరస్పరం పోటీ పడనూ లేదు. రద్దయిన నియోజకవర్గాల చరిత్ర రాసేటప్పుడు, పార్టీ మారినట్టు కనిపించిన ప్రతి చోటా ముందు అది జనాభా లెక్కల తరువాతి మొదటి ఎన్నికా కాదా అని చూసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

జాన్ క్విన్సీ ఆడమ్స్ విషయంలో దీనికి తలకిందుల సంగతి జరిగింది. 1829లో అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన తరువాత ఆయన ప్రతినిధుల సభకు ఎన్నికై, 1831 నుంచి 1848 ఫిబ్రవరిలో సభా భవనంలోనే మరణించేదాకా సభ్యుడిగా ఉన్నారు. పట్టికలో ఆయన పేరు 1831–33లో 11వ స్థానం కింద, 1833–43లో 12వ స్థానం కింద, ఆ తరువాత 8వ స్థానం కింద వస్తుంది. ఆయన ఎక్కడికీ వలస పోలేదు, క్విన్సీలోని ఇల్లూ మారలేదు, ఆయన తల మీది అంకె మారింది. పార్టీ గడిలోనూ ఇక్కడ జాగ్రత్త అవసరం: ఆయన మొదట ఆండ్రూ జాక్సన్ వ్యతిరేక పక్షం, తరువాత మేసన్ (ఫ్రీమేసన్లనే రహస్య సంఘం) వ్యతిరేక పార్టీ, ఆపైన విగ్ పార్టీ. ఇప్పటి రెండు పార్టీల పేర్లను ఆ కాలానికి తగిలించకూడదు. 19వ శతాబ్దపు తొలి సగంలో ఆ రాష్ట్రంలో గెలవాలంటే సగానికి మించి ఓట్లు రావలసి ఉండేది, రాకపోతే ఎన్నికను మళ్లీ మళ్లీ పెట్టేవారు. ఆ కాలపు పట్టికల్లో కొన్నాళ్లు ఖాళీ కనిపిస్తే దానిని ముద్రణ దోషమనుకుని పూడ్చవద్దు.

కాంగ్రెస్ మధ్యలో జరిగే మార్పులకు ప్రత్యేకంగా వరుస కేటాయించాలి. డగ్లస్ తరువాత 1935లో వచ్చిన జాన్ హిగ్గిన్స్ 1937లో న్యాయమూర్తి పదవి కోసం రాజీనామా చేయగా, ఉప ఎన్నికలో థామస్ ఫ్లాహర్టీ గెలిచారు. 1943లో వచ్చిన జేమ్స్ మైకేల్ కర్లీ 1945 చివర బోస్టన్ మేయరుగా ఎన్నికై కూడా కాంగ్రెస్ సభ్యత్వాన్ని గడువు ముగిసేదాకా వదులుకోలేదు. ఆయన ఖాళీ చేసిన స్థానానికి 1946లో నిలబడిన యువకుడే కెనెడీ. ఇతర ప్రతినిధుల గురించి రెండు మూడు వాక్యాలు చాలు. కెనెడీ జీవితమంతా ఇక్కడ తిరగరాయడం మాత్రం పొరపాటే. ఈ స్థానంలో ఆయన ఆరేళ్లు ఉన్నారు, 1952లో సెనేట్‌కు గెలిచి వెళ్లారు. నియోజకవర్గ చరిత్రకు కావలసింది అంతవరకే.

ఆయన తరువాత కేంబ్రిడ్జికి చెందిన థామస్ ఓనీల్ 1953లో వచ్చారు. 1960 లెక్కల తరువాత రాష్ట్రానికి రెండు స్థానాలు తగ్గినప్పుడు 1963 నుంచి ఆయన స్థానం 8వది అయింది. 1977 నుంచి 1987 దాకా ఆయన సభాపతిగా ఉన్నది 8వ స్థానపు ప్రతినిధిగానే. "11వ నియోజకవర్గం నుంచి ఎన్నికైన సభాపతి" అని రాస్తే సగమే నిజం. ఆ 11 అనే అంకె 1963లో నగరానికి దక్షిణం వైపు, డార్చెస్టర్, క్విన్సీ ప్రాంతాలకు జరిగింది. అక్కడ జేమ్స్ బర్క్ 1979 దాకా, ఆయన తరువాత బ్రయన్ డానెలీ 1993 దాకా ప్రతినిధులు. ఆడమ్స్ ఊరు క్విన్సీ ఇలా నూరేళ్లకు పైగా గడిచాక మళ్లీ 11వ అంకె కిందికి చేరింది. ఊళ్ల గడి లేని పట్టికలో ఈ సంగతి ఎప్పటికీ కనిపించదు.

వదిలేయవలసిన వాటిలో ముఖ్యమైనది, సొంత పార్టీకి లాభించేలా సరిహద్దులు గీయడానికి "గెర్రీమాండరింగ్" అనే పేరు తెచ్చిన 1812 నాటి గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఉదంతం. మసాచుసెట్స్, సరిహద్దుల మార్పు అనగానే అది అందరికీ గుర్తుకు వస్తుంది. అయితే వంకర గీతలకు పేరుపడిన ఆ విభజన రాష్ట్ర సెనేట్ స్థానానికి సంబంధించినది, కాంగ్రెస్ స్థానానికి కాదు, కనుక మన వ్యాసంలో దానికి చోటు లేదు.

పట్టికలో చివరి వరుస 102వ కాంగ్రెస్ దగ్గర, 1993 జనవరి 3తో ఆగిపోవాలి. క్విన్సీ ఆ తరువాత 10వ స్థానంలో చేరిందని కింద ఒక గమనికగా రాస్తే సరిపోతుంది. కెనెడీ, ఓనీల్‌ల కేంబ్రిడ్జి దారిని వేరే చిన్న పట్టికగా ఇవ్వడం మంచిది: 1953 వరకు కెనెడీ, 1963 దాకా 11గానూ ఆ తరువాత 8గానూ ఓనీల్, 1987 నుంచి 1999 దాకా కెనెడీ తమ్ముడి కుమారుడైన జోసెఫ్ కెనెడీ, ఆ తరువాత మైకేల్ కపువానో. 2013లో ఆ స్థానం 7వది అయింది, 2019 నుంచి దానికి అయానా ప్రెస్లీ ప్రతినిధి. ఈ రెండో పట్టికను 11వ నియోజకవర్గం వ్యాసంలో కలిపేయకుండా, ఇప్పుడున్న 7వ నియోజకవర్గం వ్యాసానికి అప్పగించి, రెండింటి మధ్యా ఒక లంకె పెట్టాలి.