శిష్యుల్లో ఒకరు ‘నేను గే’ అని చెప్పినప్పుడు కోచ్ ఏం చేయాలి?

తెల్లవారుజామున లేపి పరిగెత్తించేదీ, చీలమండ వాస్తే ఐసు పెట్టేదీ, ఓడి ఏడుస్తుంటే పక్కన కూర్చునేదీ కోచే కాబట్టి, ఇంట్లో నోరు విప్పలేని విషయాన్ని కొందరు పిల్లలు ముందుగా కోచ్‌కే చెబుతారు. తనకు అబ్బాయిల మీదే మనసు పోతోందని ఒక అబ్బాయి, అమ్మాయిల మీదే పోతోందని ఒక అమ్మాయి చెప్పినప్పుడు, పాఠశాల పీఈటీ అయినా అకాడమీ శిక్షకుడైనా ఎలా నడుచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తరువాత, “నాతో చెప్పి మంచి పని చేశావు, జట్టులో నీ స్థానానికి ఏ ఢోకా లేదు, ఈ సంగతి నా నోటి నుంచి బయటికి పోదు” అన్న మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. వయసు ప్రభావమనీ, పెళ్లయితే అంతా సర్దుకుంటుందనీ అనకండి. ఈ విషయం ఇంకెవరికి తెలుసో, ఎవరైనా బెదిరిస్తున్నారా, హాస్టల్లో ఇబ్బంది ఉందా అని మాత్రం తప్పక అడగండి. మరునాడు ఆ విద్యార్థి ప్రాక్టీసుకు వచ్చినప్పుడు ఎప్పటిలాగే వార్మప్ చేయించి, ఎప్పటిలాగే తప్పులు దిద్దండి. ప్రత్యేకమైన జాలి చూపితే మిగతా పిల్లలు ఇట్టే పసిగడతారు.

తల్లిదండ్రులకు చెప్పడం తన బాధ్యత అని చాలామంది శిక్షకులు అనుకుంటారు. నా అభిప్రాయంలో అది అన్నిటికన్నా ప్రమాదకరమైన తొందరపాటు, ఎందుకంటే కబురు ఇంటికి చేరిన మరుక్షణం ఆట మాన్పించి సంబంధాలు చూడడం మొదలుపెట్టే కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి. ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలన్నది ఆ విద్యార్థే నిర్ణయించుకోవాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపించినా, ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారని తెలిసినా మౌనం పనికిరాదు. పద్దెనిమిదేళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఒకరు గే కావడం మాత్రం నేరం కాదు, ఫిర్యాదు చేయవలసిన విషయమూ కాదు.

ఇటువంటి పిల్లలకు ధైర్యం చెప్పడానికి పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్ కథ మనకు బాగా దగ్గరిది. ఒడిశాలోని జాజ్‌పుర్ జిల్లాలో చేనేత కుటుంబంలో పుట్టిన ఆమెను, శరీరంలో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువన్న కారణంతో 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించినప్పుడు, హైదరాబాద్‌లో పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో చోటిచ్చారు; నాగపురి రమేశ్ శిక్షణ ఇచ్చారు. 2015లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ హార్మోన్ పరిమితి నిబంధనను నిలిపివేయడంతో ఆమె మళ్లీ ట్రాక్ ఎక్కి, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు రజతాలు గెలిచింది. ఈ హార్మోన్ల వివాదానికీ ఆమె ఎవరిని ప్రేమించిందన్న దానికీ సంబంధం లేదు. ఈ రెంటినీ కలగాపులగం చేసి చెప్పేవారు ఎక్కువ కనుక, పిల్లలకు చెప్పేటప్పుడు విడదీసి చెప్పండి.

ఒక అమ్మాయితో ప్రేమలో ఉన్నానని ఆమె వెల్లడించింది 2019 మే నెలలో. అప్పటికి ఆమె వయసు 23, చేతిలో ఆసియా పతకాలు ఉన్నాయి, స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సుప్రీంకోర్టు 377 సెక్షన్‌పై 2018 సెప్టెంబరు 6న ఇచ్చిన తీర్పు అండగా ఉంది. అయినా తనను పరుగు వైపు నడిపించిన అక్కే బహిరంగంగా వ్యతిరేకించింది. తన గురించి అంతా చెప్పిన ద్యుతీ, తన భాగస్వామి పేరును మాత్రం అప్పట్లో బయటపెట్టలేదు. రెండు నెలలు తిరక్కుండానే నేపుల్స్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 100 మీటర్లను 11.32 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. ‘ద్యుతీ చెప్పింది కదా, నువ్వూ చెప్పెయ్’ అని పదహారేళ్ల విద్యార్థిని తొందరపెట్టే ముందు, ఆమెకు అప్పటికి ఉన్న వయసూ సంపాదనా పేరూ ఈ విద్యార్థికి ఉన్నాయా అని ఆలోచించండి. తరువాత నిషేధిత పదార్థాలు వాడినట్టు తేలి 2023లో ఆమెపై నాలుగేళ్ల నిషేధం పడిందన్న సంగతినీ దాచకండి. పిల్లలు ఫోనులో వెతికితే క్షణంలో దొరుకుతుంది, అప్పుడు మీరు చెప్పిన మిగతా కథను కూడా నమ్మరు.

ఫుట్‌బాల్ ఆడే పిల్లలైతే ఇంగ్లండు ఉదాహరణ చెప్పవచ్చు. 1990లో తాను గే అని ప్రకటించిన ఆటగాడు జస్టిన్ ఫషానూను సొంత తమ్ముడే దూరం పెట్టాడు. ఆ తరువాత బ్రిటన్‌లో ప్రొఫెషనల్ లీగుల్లో ఆడుతున్న మరో పురుష ఆటగాడు ఆ మాట బయటికి చెప్పడానికి 32 ఏళ్లు పట్టింది. 2022లో చెప్పిన ఆ బ్లాక్‌పూల్ క్లబ్బు కుర్రాడు జేక్ డేనియల్స్‌కు అప్పుడు పదిహేడేళ్లు. అతడు ముందు తల్లికీ సోదరికీ చెప్పి, ఆ మర్నాటి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ తరువాతే క్లబ్బు అండతో లోకానికి తెలియజేశాడు.

అసలు పని మైదానంలోనే ఉంది. వెనకబడిన అబ్బాయిని ‘ఆడంగి’ అనీ, ‘వాడు తేడారా’ అనీ వెక్కిరించడం మన దగ్గర సరదాగా చలామణి అవుతోంది, కొన్నిసార్లు ఆ మాట మొదలయ్యేది కోచ్ నోటి నుంచే. ముందు మీరు మానండి. తరువాత ఎవరన్నా అన్న చోటే, అందరి ముందే, ఉపన్యాసం లేకుండా ఒక్క వాక్యంలో ఆపండి. కులం పేరుతో తిడితే ఊరుకోనట్టే దీన్నీ ఊరుకోకండి.

విద్యార్థి నిద్రపోవడం లేదనో, తిండి మానేసిందనో గమనిస్తే, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. గే తత్వాన్ని ‘నయం చేస్తాను’ అనే వైద్యుడి దగ్గరికి మాత్రం పంపకండి. అటువంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

ఇక టోర్నీలకు బయటి ఊరు వెళ్లినప్పుడు గదుల కేటాయింపు ఎప్పటిలాగే చేయండి, వేరుగా ఒంటరి గది ఇస్తే అదే చాటింపు అవుతుంది. విద్యార్థి పతకం గెలిచాక స్థానిక విలేకరి ఫోన్ చేసి వ్యక్తిగత జీవితం గురించి ఆరా తీస్తే, పరుగు సమయం, తదుపరి పోటీ తేదీ చెప్పి ఫోన్ పెట్టేయండి.